బెంగళూరులో పప్పు ఉడకట్లేదు, ఇడ్లీ పిండి పొంగట్లేదు. ఇంటి వంట ఎలా నడిపిస్తున్నారు?

బెళ్ళందూరు కోడలు · డిసెంబరు 6, రాత్రి 10:50

అందరికీ నమస్తే. ఏడాదిగా మీ అందరివీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది తెనాలి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పాపకి ఆరేళ్ళు. దసరా నుంచి మామగారు మా దగ్గరే ఉంటున్నారు. మొన్న అందరం చెకప్ చేయించుకుంటే పాపకి రక్తం తక్కువ ఉందన్నారు, మామగారికి బీపీ ఉంది కాబట్టి ఉప్పు తగ్గించమన్నారు. ఇంటికొచ్చి ఫోన్ తీసి లెక్క చూస్తే నవంబరులో 19 సార్లు బయటి నుంచి తెప్పించుకున్నాం. సిగ్గేసింది.

వంట రాక కాదు. పెళ్ళయ్యాక నాలుగేళ్ళు తెనాలిలో నేనే వండాను. ఇక్కడే ఏం చేసినా తేడా కొడుతోంది. కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. గోంగూర పప్పు అయితే మరీ, పప్పు ఒక దిక్కు నీళ్ళు ఒక దిక్కు. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి పెడితే పొద్దున్నకి అంగుళం కూడా లేవదు. రెండు రోజులు అలా అయితే మూడో రోజు చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. మామగారు ఏమీ అనరు, కంచంలో పక్కకి నెట్టేస్తారు అంతే. తిట్టినా బాగుండేది.

మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

మారతహళ్ళి మామ · రాత్రి 11:02

నెట్టుకు రావట్లేదు చెల్లెమ్మా. మా ఇంట్లో కుక్కర్ అటక మీద ఉంది. ఇక్కడే కూర్చుని చదువుతుంటాను.

ముళబాగలు దోసె · రాత్రి 11:20

అక్కా, ముందు ఒక్కటి చెప్పండి. మీకు వచ్చేది కావేరి నీళ్ళా, ట్యాంకరా? వంటకి ఏ నీళ్ళు వాడుతున్నారు?

బెళ్ళందూరు కోడలు · రాత్రి 11:24

బోరు, చాలకపోతే ట్యాంకర్. బకెట్ల అంచులన్నీ తెల్లగా సున్నం కట్టేస్తాయి. ఆర్వో నీళ్ళు తాగడానికే. వంటకి కుళాయి నీళ్ళు. అంత సేపు మరుగుతాయి కదా, పరవాలేదులే అని.

ముళబాగలు దోసె · రాత్రి 11:41

దొరికింది దొంగ. మేం కోలారు జిల్లా తెలుగువాళ్ళం, మాది మొత్తం బోరునీళ్ళ బతుకే, ఈ కష్టం మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది. బకెట్‌కి పట్టే ఆ సున్నమే పప్పుకీ పడుతుంది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని పెక్టిన్‌ని, అంటే గింజని అంటిపెట్టి ఉంచే జిగురు లాంటి దాన్ని పట్టుకుని గట్టిపరుస్తాయి. మరిగిస్తే పోయేది కొంతే. కాబట్టి ఆరు కాదు, పది విజిల్స్ పెట్టినా గ్యాస్ దండగే. పప్పు నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ ఆర్వో నీళ్ళు వాడండి. గ్లాసు పప్పుకి మూడు గ్లాసులు, అంతకన్నా అక్కర్లేదు. కడగడానికి కుళాయి నీళ్ళు చాలు. మా ఊళ్ళో అయితే వాన నీళ్ళు పట్టి దాచేవాళ్ళు, పప్పుకీ టీకీ.

రెండోది, గోంగూర పప్పుతో కలిపే పెడుతున్నారా కుక్కర్లో?

బెళ్ళందూరు కోడలు · రాత్రి 11:44

అవును, గోంగూర, పచ్చిమిర్చి, చింతపండు అన్నీ ఒకేసారి. టైమ్ కలిసొస్తుందని. తెనాలిలో అలాగే చేసేదాన్ని, బాగానే ఉడికేది.

ముళబాగలు దోసె · రాత్రి 11:52

అక్కడ నీళ్ళు కాపాడాయి. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ఇక్కడ సున్నం, పులుపు రెండూ కలిసి దాన్ని రాయి చేస్తున్నాయి. గోంగూరైనా, మామిడికాయైనా, టమాటా అయినా వేరే గిన్నెలో పెట్టి అదే కుక్కర్లో పైన ఉంచండి. పప్పు మెదిపాక కలపండి. తోటకూర, పాలకూర అయితే కలిపి పెట్టినా ఏం కాదు.

ఓరుగల్లు పిల్ల · డిసెంబరు 7, ఉదయం 7:15

చిటికెడు వంట సోడా వేస్తే అయిపోయేదానికి ఇంత కథా? మా హాస్టల్లో అదే వేసేటోళ్ళు.

హెచ్ఎస్ఆర్ నర్సమ్మ · ఉదయం 7:40

అందుకే హాస్టల్ పప్పు అలా ఉండేది. సోడా వేస్తే మెత్తబడే మాట నిజమే కానీ బి1 విటమిన్ పోతుంది. పైగా సోడాలోనూ సోడియమే. ఆ ఇంట్లో బీపీ మనిషి ఉన్నారు, వద్దు.

రిటైర్డ్ ఫిజిక్స్ · ఉదయం 8:30

నాయనలారా, ఇంకో ముద్దాయిని మర్చిపోయారు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తెనాలిలో 100. మూడు డిగ్రీలే కదా అనుకోకండి, మూత లేని గిన్నెలో పప్పు వండితే తేడా తెలుస్తుంది. కుక్కర్ ఉన్నది అందుకే. రబ్బరు గట్టిగా ఉందా, ఆవిరి పక్కనుంచి పోతోందా చూసుకోండి. మా ఇంట్లో రబ్బరు వదులైతే మూడు నెలలు కందిపప్పు కంపెనీలని తిట్టాం.

మారతహళ్ళి మామ · ఉదయం 8:34

మాస్టారూ, మా ఇంట్లో పప్పు ఉడక్కపోవడానికి కారణం కుక్కర్ అటక మీద ఉండటమే. ఆ ఎత్తు ఎంతో లెక్కేసి చెప్తారా?

రిటైర్డ్ ఫిజిక్స్ · ఉదయం 8:50

నిచ్చెన ఎత్తు.

మల్లేశ్వరం అత్త · ఉదయం 11:10

అమ్మాయ్, ఇడ్లీ సంగతి నేను చెప్తా. ఈ ఊరొచ్చి 31 ఏళ్ళు. మొదటి చలికాలం నేనూ ఏడ్చాను. డిసెంబరు రాత్రి ఇక్కడ 15, 16 డిగ్రీలుంటుంది. ఆ చలిలో పిండికేం కదలబుద్ధవుతుంది? తెనాలిలో రాత్రి తొమ్మిదికి రుబ్బి పొద్దున ఆరుకి వేసుకున్నట్టు ఇక్కడ కుదరదు. ఇక్కడ శీతాకాలం పిండికి పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది.

గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్ళతో అర చెంచా మెంతులు నానెయ్యి. రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు పొయ్యి, ఫ్రిజ్ నీళ్ళు వద్దే వద్దు. రవ్వ కడిగి గట్టిగా పిండి, చేత్తో కలుపు. గరిటెతో కాదు, చేత్తో. పాత పిండి ఉంటే ఒక గరిటెడు అందులో వెయ్యి. మీకు కేకులు చేసే ఓవెన్ ఉంటే అది వెయ్యకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టు. ఆ బల్బు వేడి చాలు. లేదంటే పెద్ద గిన్నెలో వేడినీళ్ళు పోసి, అందులో పిండి గిన్నె దింపి, పైన పాత దుప్పటి కప్పు. మా పనమ్మాయి మొదట్లో ఆ మూట చూసి లోపల పిల్లి ఉందనుకుంది.

పిండి సగం గిన్నె దాటి పోయకు. పొంగితే స్టవ్ అంతా కడుక్కోవాలి. ఈ మాట కూడా అనుభవం మీదే చెప్తున్నా.

బ్యాచిలర్ బాబు · మధ్యాహ్నం 1:20

అత్తా, మీరు నన్ను దత్తత తీసుకోవచ్చు కదా.

హెచ్ఎస్ఆర్ నర్సమ్మ · మధ్యాహ్నం 2:05

పాప రక్తం గురించి ఎవరూ మాట్లాడలేదు. డాక్టర్ ఐరన్ సిరప్ రాసి ఉంటే అది మానకండి, వంట దాని స్థానంలోకి రాదు. దానితోపాటు తోటకూర, పప్పులు, వారానికి ఒకట్రెండుసార్లు మాంసమో చేపో (తింటారు కదా?) పెట్టండి. ఆకుకూరల ఐరన్ ఒంటికి పట్టడం కష్టం. పక్కన నిమ్మకాయో, జామకాయో, ఉసిరో ఉంటే పడుతుంది. పప్పు దించాక నిమ్మరసం పిండండి, ఉడికేటప్పుడు కాదు, వేడికి సి విటమిన్ పోతుంది. ఇంకొకటి, పాప టీ తాగుతుందా?

బెళ్ళందూరు కోడలు · మధ్యాహ్నం 2:30

అయ్యో. తాగుతుందండి. మామగారికి అన్నం తినగానే టీ ఉండాలి. ఆయన సాసర్‌లో పోసి ఇస్తారు, ఇద్దరూ కలిసి ఊదుకుంటూ తాగుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేనేమీ అనలేదు.

హెచ్ఎస్ఆర్ నర్సమ్మ · మధ్యాహ్నం 2:41

ఆ సాసరే దొంగ. టీ, కాఫీల్లో వగరునిచ్చే టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది. పెద్దాయన టీ మానక్కర్లేదు, నాలుగింటికి జరపండి. పాపకి ఆ సాసర్‌లో పాలు పోసినా ఊదుతుంది.

కడప కారం · సాయంత్రం 6:15

ఇంత సేపూ రాగుల మాట ఎత్తకుండా ఎట్లున్నారబ్బా. పాపకి సంగటి పెట్టండక్కా. మేం సిల్క్ బోర్డు దగ్గర ఉంటాం, వారంలో నాలుగు రాత్రులు సంగటే. గ్లాసు బియ్యపు నూకలు నాలుగు గ్లాసుల నీళ్ళలో బాగా మెత్తగా ఉడికించి, గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలెయ్యాల. దాని తర్వాత కట్టెతో గెలికితే ఉండ కట్టదు. చెనిక్కాయల ఊరుబిండి (పల్లీల పచ్చడి), లేకుంటే పప్పాకు (ఆకుకూర పప్పు) నంజుకుంటే ఇంకేం వద్దు.

ముళబాగలు దోసె · సాయంత్రం 6:40

అన్నా, బియ్యం వేస్తే అది ముద్దె కాదు. ఒట్టి రాగిపిండితో చేస్తేనే ముద్దె. నమలకూడదు, మింగాలి.

కడప కారం · సాయంత్రం 6:44

నేను ముద్దె అనలే, సంగటి అన్నా. మింగే దానికి పళ్ళు ఎందుకిచ్చినాడు దేవుడు?

శ్రీకాకుళం చోడంబలి · సాయంత్రం 7:30

మీ ఇద్దరూ కొట్టుకోండి, మా వైపు అవి చోళ్ళు, మేం అంబలి తాగేసి పొలానికి పోయేవాళ్ళం. తెలంగాణలో తైదలంటారు. పేరు ఎన్నయినా గింజ ఒక్కటే.

హెచ్ఎస్ఆర్ నర్సమ్మ · రాత్రి 8:10

రాగులు మంచివే, 100 గ్రాముల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 కూడా ఉండదు. కానీ అది ఎముకలకి. రక్తం తక్కువైన పిల్లకి సంగటితో పాటు పప్పాకు ఉండాల్సిందే, రాగి జావ ఒక్కటే పోసి వదిలేయకండి. షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా, మెత్తగా కాచిన జావ తాగితే షుగర్ తొందరగా లేస్తుంది. మా నాన్నకి మిషన్‌లో చూశాను. ముద్దగా కూరతో తింటే అంత లేవలేదు.

మారతహళ్ళి మామ · రాత్రి 9:00

కుక్కర్ దించాను. లోపల సాలీడు కాపురం ఉంది. రేపు చూద్దాం.

బెళ్ళందూరు కోడలు · డిసెంబరు 9, రాత్రి 10:15

ఆర్వో నీళ్ళతో పప్పు వెన్నలా ఉడికింది!! నాలుగే విజిల్స్. ఏడాదిన్నర కందిపప్పు బ్రాండ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. ముళబాగలు తమ్ముడికి దండం.

ఇప్పుడు అసలు బాధ. ఇంటికి వచ్చేసరికి ఏడున్నర, ఎనిమిది. అప్పుడు పప్పు నానబెట్టి, ఆకు వలిచి, కడిగి... తొమ్మిదిన్నర అవుతుంది. పాప అప్పటికే బిస్కెట్లు తినేసి పడుకుంటుంది. ఆకుకూరకి అసలు టైమే లేదు. ఇక్కడి పేర్లు కూడా నాకు తెలియవు. మొదట్లో బండి దగ్గర బెంగళూరు వంకాయ ఇవ్వమంటే గుండ్రటి వంకాయలు చేతిలో పెట్టాడు.

మల్లేశ్వరం అత్త · రాత్రి 10:40

బెంగళూరు వంకాయ బెంగళూరులో దొరకదమ్మా, ఇక్కడ దాని పేరు సీమెబదనెకాయి! ఆకుని సొప్పు అంటారు. తోటకూర కావాలంటే దంటు సొప్పు అడుగు, బచ్చలికి బసళె, మునగాకుకి నుగ్గె, పొన్నగంటికి హొనగొన్నె. మెంతికూర అంటే వాళ్ళకీ అర్థమవుతుంది. మన పప్పు దోసకాయ కనబడకపోతే సాంబారు సౌతెకాయి తీసుకో, గింజ దగ్గర చేదు చూసి వెయ్యి, అచ్చం మనదే. హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం కూరగాయల కొట్టు) దగ్గర్లో ఉంటే పొద్దున్నే వెళ్ళు, సాయంత్రానికి ఆకు వడలిపోతుంది.

బ్యాచిలర్ బాబు · రాత్రి 11:00

నా పద్ధతి చెప్తా, నవ్వకండి. ఒకే కుక్కర్, మూడు గిన్నెలు. అడుగున పప్పు, మధ్యలో బియ్యం, పైన చిన్న గిన్నెలో సొరకాయ ముక్కలో బీరకాయో, ఉప్పూ పసుపూ. నాలుగు విజిల్స్. దించాక ఒక్కటే పోపు వేసి పప్పులో సగం, కూరలో సగం. ఆవిరి దిగేదాకా స్నానం. పెరుగు నందిని ప్యాకెట్. 40 నిమిషాలు. పప్పు పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు ఫ్రిజ్‌లో నానబెట్టి పోతా.

ఓరుగల్లు పిల్ల · రాత్రి 11:12

ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండక్కా. మీ ఆయన ఏం చేస్తరు?

బెళ్ళందూరు కోడలు · రాత్రి 11:20

గిన్నెలు తోముతారు, పాపని చదివిస్తారు. మా ఆయన వంట చేస్తే అది ఇంకో చర్చ పెట్టాల్సిన సంగతి.

రిటైర్డ్ ఫిజిక్స్ · డిసెంబరు 10, ఉదయం 6:50

ఆయన సంగతి అలా ఉంచమ్మా. పగలంతా ఇంట్లో ఉండే మనిషి ఒకరున్నారు. మీ మామగారు. నా వయసువాడే అయ్యుంటాడు. పొద్దుగూకులూ టీవీ చూస్తూ ఏం చేస్తున్నాడు?

బెళ్ళందూరు కోడలు · ఉదయం 9:05

అయ్యో, మామగారికి పని చెప్పడమా! ఊళ్ళో తెలిస్తే ఇంకేమైనా ఉందా. తెనాలి పక్కన పల్లెలో ఐదెకరాల రైతు అండి. వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు.

మల్లేశ్వరం అత్త · ఉదయం 11:30

పని చెప్పమని ఎవరన్నారు? ఓ కట్ట తోటకూర ఆయన ముందు పెట్టి "మామయ్య గారూ, ఇది లేతదా ముదురా చూడండి, నాకు తెలియట్లేదు" అను. రైతు కదా, ఊరుకోడు. మా మామగారి దగ్గర నేను పాతికేళ్ళు ఇదే చేశాను. చనిపోయేదాకా ఇంటికి కూరలు ఆయనే తెచ్చారు.

కడప కారం · ఉదయం 11:34

అత్తమ్మకి జేజేలు.

హెచ్ఎస్ఆర్ నర్సమ్మ · మధ్యాహ్నం 1:50

ఆయన ఉప్పు సంగతి కూడా ఇక్కడే. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చిన్న టీచెంచా. ఆవకాయ, అప్పడం, మిక్చర్, బయటి కూరల్లోది అన్నీ కలిపి. మీ 19 ఆర్డర్లలో ఉప్పు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో అయితే చెంచా మీ చేతిలో ఉంటుంది. ఉప్పు ఒక్కసారిగా తీసేస్తే ఆయన కంచం పూర్తిగా నెట్టేస్తారు, వారం వారం కాస్త తగ్గించండి. పోపులో వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు ఎక్కువ వేసి, చివర్లో నిమ్మకాయ పిండితే నాలుక మోసపోతుంది. ఆవకాయ ఆదివారానికి పరిమితం. గులాబీ రంగు రాతి ఉప్పు మంచిదని కొంటున్నారేమో, బీపీకి అదీ ఉప్పే. సోడియం తక్కువ ఉప్పులు దొరుకుతాయి కానీ వాటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ ఇబ్బంది ఉన్నా, కొన్ని బీపీ మాత్రలు వాడుతున్నా ప్రమాదం. డాక్టర్‌ని అడగకుండా తేవద్దు.

గోంగూర ఫ్యాన్ · మధ్యాహ్నం 2:15

ఆదివారం ఒక్కరోజే ఆవకాయా? ఆ మాట గుంటూరు జిల్లాలో అని చూడండి మేడమ్.

మారతహళ్ళి మామ · డిసెంబరు 14, రాత్రి 9:30

మొదటి పప్పు చేశాను. బాబు గారి మూడు గిన్నెల పద్ధతి. పప్పు, అన్నం బాగా వచ్చాయి. బీరకాయ ఆవిరిలో మాయమైంది, అడుగున రెండు తొక్కలు దొరికాయి. పిల్లలు పప్పన్నంలో నెయ్యి వేసుకుని మూడుసార్లు పెట్టించుకున్నారు. మా ఆవిడ ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపింది.

బెళ్ళందూరు కోడలు · జనవరి 8, రాత్రి 10:05

చాలా రోజులైంది, అడిగినవాళ్ళకి సారీ. కబుర్లు చెప్తాను.

అత్త గారు చెప్పినట్టే తోటకూర ముందు పెట్టి అడిగాను. మామగారు కట్ట తిప్పి చూసి, "దీన్ని కోసి రెండు రోజులైంది, ఎవడిచ్చాడు నీకు?" అన్నారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన కింద గేటు దగ్గర సొప్పు బండామెతో బేరం. ఈయన తెలుగులో, ఆమె కన్నడలో. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఇప్పుడు రోజూ ఆయనే తెస్తున్నారు. సాయంత్రం పాప బడి నుంచి రాగానే ఇద్దరూ హాల్లో పేపర్ పరుచుకుని ఆకు వలుస్తారు. ఆరింటికి పప్పు ఆర్వో నీళ్ళలో నానేస్తారు. నేను వచ్చేసరికి కుక్కర్ పెట్టడమే నా పని. ఎనిమిదింపావుకి కంచాల ముందు కూర్చుంటున్నాం.

టీ నాలుగింటికి మారింది. నేను చెప్తే "ఎప్పటినుంచో అలవాటమ్మా" అన్నారు. పాపకి రక్తం కోసం అని చెప్పాక ఇంకేం మాట్లాడలేదు. ఆవకాయ మాత్రం ఆదివారం కాదు, బుధవారం కూడా నడుస్తోంది. గోంగూర ఫ్యాన్ గారు సంతోషించండి.

ఇడ్లీ రెండుసార్లు బాగా వచ్చింది, ఒకసారి ఓవెన్ లైటు మర్చిపోయాను, ఆ పిండితో దిబ్బరొట్టె వేశాను. డిసెంబరులో ఆర్డర్లు 6. అందులో రెండు నాకు జ్వరం వచ్చినప్పుడు. పాపకి వచ్చే నెల మళ్ళీ రక్తపరీక్ష ఉంది.

ఇప్పుడు మామగారి తరపున ఒక ప్రశ్న. నిన్న బండి మీద అనపకాయలు (చిక్కుడు జాతివి) చూసి రెండు కిలోలు తెచ్చేశారు. ఇక్కడ అవరెకాయి అంటారట. బండామె ఏదో వేళ్ళతో పిండి చూపించి "హితికిద బేళె" అంటే ఈయన తల ఊపి వచ్చేశారు. ఇంతకీ దాన్నేం చెయ్యాలి?

ముళబాగలు దోసె · రాత్రి 10:20

అది పితికిన పప్పు అక్కా! మా కోలారులో, చిత్తూరు వైపు సంక్రాంతికి అదే పండగ. గింజలు వలిచి రాత్రంతా నీళ్ళలో వేయండి, పొద్దున బొటనవేలితో నొక్కితే తొక్కలోంచి పప్పు ఎగిరి వస్తుంది. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి పులుసు పెట్టండి, ముద్దెలోకి.

కడప కారం · రాత్రి 10:22

సంగటిలోకి.

బెళ్ళందూరు కోడలు · రాత్రి 10:31

నానేశాను. కుళాయి నీళ్ళు పోయబోతే మామగారే "ఆ నీళ్ళు కాదమ్మా" అని ఆపారు.